వెన్నెముక అరుగుదల: రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి

మా అమ్మకు అరవై మూడో ఏట నడుం ఎక్స్‌రే తీయించాం. పూసల అంచుల్లో చిన్న చిన్న కొక్కేల్లాంటివి కనిపించాయి. "గుజ్జు అరిగిపోయిందమ్మా. ఇకమీదట వంగకూడదు, బరువెత్తకూడదు, కింద కూర్చోకూడదు" అని చెప్పి పంపారు. అమ్మ ఆ మూడు మాటల్నీ మంత్రంలా పట్టుకుంది. ఆరు నెలలు మంచం, కుర్చీ, మళ్లీ మంచం. నొప్పి తగ్గలేదు సరికదా తొడలు సన్నబడ్డాయి, గుడి మెట్లు నాలుగెక్కేసరికి ఆయాసం మొదలైంది. ఆ తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్టు "రోజుకి ఎంతసేపు నడుస్తున్నారు?" అని అడిగారు. నడవడం మానేశానని అమ్మ గొప్పగా చెప్పింది. "మరి నొప్పి ఎలా తగ్గుతుందనుకున్నారు?" అన్నారాయన.

అప్పటినుంచి చదివిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, ఇంట్లో చేసి చూసిందీ ఒక వరుసలో పెడుతున్నాను. దీన్ని డాక్టరుకు బదులుగా వాడకండి. ఆయన దగ్గర మనకు దొరికే ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలియడానికి వాడండి.

1. అరిగేది ఏమిటో ముందు తెలుసుకోండి

మెడలో 7, వీపులో 12, నడుంలో 5. మొత్తం 24 కదిలే పూసలు. మెడలో పైనున్న మొదటి రెండింటిని వదిలేస్తే, ప్రతి రెండు పూసల మధ్య ముందువైపు డిస్క్ (మనం గుజ్జు అనేది ఇదే) ఉంటుంది, వెనకవైపు కుడి ఎడమల రెండు చిన్న కీళ్లుంటాయి. వీటిని ఫేసెట్ కీళ్లంటారు. మోకాలి కీలు ఎలా ఉంటుందో ఇవీ అలాగే: ఎముక చివర నున్నటి మృదులాస్థి, చుట్టూ సంచి, లోపల జిగురు ద్రవం. కచ్చితంగా చెప్పాలంటే వెన్నులో ఆస్టియో ఆర్థరైటిస్ అంటే ఈ కీళ్ల అరుగుదలే. అయితే డిస్క్‌లో నీటిశాతం వయసుతో తగ్గి, దాని ఎత్తు తగ్గినకొద్దీ వెనక కీళ్ల మీద బరువు పెరుగుతుంది. అందుకే ఈ రెండూ జంటగా కనిపిస్తాయి. ఆ మొత్తానికి డాక్టర్లు రాసే పేరు స్పాండిలోసిస్. బరువు పంచుకోవడానికి శరీరం పూసల అంచుల్లో కొత్త ఎముక పెంచుతుంది. ఫిల్ములో మాకు కనిపించిన కొక్కేలు అవే, ఆస్టియోఫైట్లు.

పేర్ల దగ్గర మనవాళ్లు చాలా తికమకపడతారు. మెడ నొప్పి అయితే చాలు 'స్పాండిలైటిస్' అనేస్తారు. నిజానికి అది వాపు జబ్బు, వేరే సంగతి. పూస ముందుకు జారితే స్పాండిలోలిస్థెసిస్. ఎముక గుల్లబారితే ఆస్టియోపోరోసిస్. దానికి ఈ అరుగుదలకూ సంబంధం లేదు. "కాల్షియం వాడుతున్నా నడుం నొప్పి తగ్గట్లేదు" అనేవాళ్లలో చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పలేదు.

2. రిపోర్టు చూసి భయపడకండి

ఎమ్మారై రిపోర్టు ఒక ఇంటి పగుళ్ల జాబితా లాంటిది. ప్రతి గీతా రాస్తారు. ఏ పగులు వల్ల గది కారుతోందో మాత్రం అందులో ఉండదు.

2015లో వచ్చిన ఒక సమీక్షలో, నొప్పి బొత్తిగా లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి ఉంది. ఉబ్బిన డిస్కులు ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. వీళ్లెవరికీ నొప్పి లేదు. కాబట్టి 'డీజనరేటివ్ ఛేంజెస్', 'ఫేసెట్ ఆర్థ్రోపతి', 'రిడ్యూస్డ్ డిస్క్ స్పేస్' అని ఉంటే, జుట్టు నెరిసిందని రాసినట్టే అనుకోండి. నెరిసిన జుట్టు నొప్పి పుట్టించదు. ఈ అరుగుదల అప్పుడప్పుడు పుట్టించగలదు. తేడా అంతే.

రిపోర్టులో నిజంగా ఆగి చూడాల్సిన మాటలు కొన్నున్నాయి: 'సివియర్ కెనాల్ స్టెనోసిస్' (వెన్నుపాము, నరాలు సాగే నాళం బాగా ఇరుకవడం), 'కార్డ్ కంప్రెషన్' (వెన్నుపాము నలగడం), 'కార్డ్ సిగ్నల్ ఛేంజ్' (వెన్నుపాములో మార్పు), 'ఫ్రాక్చర్' (ఎముక విరగడం), 'కలెక్షన్' (చీములాంటి ద్రవం చేరడం), 'మారో ఎడీమా' (ఎముక మజ్జలో వాపు). వీటిలో ఏది కనిపించినా "ఇది నా లక్షణాలకు సరిపోతోందా డాక్టర్?" అని అడగండి. నొప్పి కుడికాలిలో ఉండి, నొక్కుకున్న నరం ఎడమవైపుదైతే, ఆ స్కాన్ మీ నొప్పి గురించి చెప్పింది తక్కువే.

3. ఇవి ఉంటే ఈ గైడ్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి

మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారడం. రెండు కాళ్లూ బలహీనపడటం. ఇవి ఒక్కసారిగా వస్తే మర్నాటిదాకా ఆగకండి. నరాల గుత్తి నలుగుతోందని అర్థం, గంటలు లెక్కలోకొస్తాయి.

మెడలో వెన్నుపాము నలిగితే ఇంత హడావుడి ఉండదు, చాపకింద నీరులా వస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం కలుపుతుంటే వేళ్లు మాట వినవు. నడుస్తుంటే చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియదు. నడకలో తూలు వస్తుంది. మెడ నొప్పి లేకుండానే ఇవన్నీ రావచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు వయసు మీద నెట్టేస్తారు. న్యూరో లేదా స్పైన్ డాక్టరుకు చూపించండి.

సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీని గుర్తుపెట్టుకోవాలి. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లు, జారిపడ్డ పెద్దవాళ్లు కూడా ముందు పరీక్ష చేయించుకోవాలి, వ్యాయామం సంగతి తర్వాత.

4. వారం రోజులు నొప్పిని రాసుకోండి

పాత డైరీ చాలు. ఎప్పుడు పెరిగింది, ఏం చేస్తే తగ్గింది, ఎక్కడిదాకా పాకింది. వారం తిరిగేసరికి ఈ కింది నాలుగు రకాల్లో ఒకటి బయటపడుతుంది.

ఫేసెట్ కీళ్ల నొప్పి నడుంలోనే ఉంటుంది, మహా అయితే పిర్రలోకో తొడ వెనక్కో దిగుతుంది. మోకాలు దాటడం తక్కువ. వెనక్కి వంగినా, పైఅరలో డబ్బా అందుకున్నా, ఎక్కువసేపు నిలబడినా ఎక్కువవుతుంది. పొద్దున్నే పట్టేసినట్టుండి అరగంటలోపు సడలుతుంది.

నరం నొక్కుకుంటే నొప్పి గీత గీసినట్టు పిక్కలోకి, పాదంలోకి దిగుతుంది. మెడలోదైతే చేతి వేళ్లదాకా. తిమ్మిరి, చీమలు పాకినట్టుండటం, షాక్ కొట్టినట్టు జివ్వుమనడం తోడుంటాయి.

వెన్ను నాళం ఇరుకైతే నాలుగొందల అడుగులు నడిచేసరికి కాళ్లు బరువెక్కుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా రెండు నిమిషాల్లో తేలిక. సూపర్ మార్కెట్‌లో ట్రాలీ మీద వాలి గంటసేపు తిరగ్గలిగి, బయట రోడ్డు మీద పది నిమిషాలు నడవలేనివాళ్లు వీళ్లే. కొండ ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఎందుకంటే దిగేటప్పుడు నడుం వెనక్కి వాలుతుంది. సైకిల్ మాత్రం హాయిగా తొక్కుతారు.

నాలుగోది అసలు అరుగుదల కాదు. నలభై ఐదేళ్లలోపు మొదలై, పొద్దున అరగంట దాటి బిగుసుకుపోయి, విశ్రాంతి తీసుకుంటే పెరిగి, నడిస్తే తగ్గితే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవండి. అది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వాపు జబ్బు కావచ్చు, దానికి మందులు వేరు.

5. రోజును సర్దుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం మాకు ఇక్కడే కనిపించింది.

ముగ్గుతో మొదలుపెడతాను. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేవగానే నడుం బిగుతుగా ఉండటానికి అదొక కారణం. ఆ సమయంలో బాగా ముందుకు వంగితే డిస్క్ మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. 1998లో అమెరికాలో చేసిన ఒక పరిశోధనలో పొద్దున్నే వంగడం మానిపిస్తే చాలామందికి నొప్పి తగ్గింది. ఇప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు ఐదున్నరకి లేచి ఏం చేస్తారో చూడండి. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, మోకాళ్లు వంచకుండా నడుం దగ్గర రెండుగా మడిచి చుక్కలు పెడతారు. సంక్రాంతి నెలంతా గంటలకొద్దీ. అమ్మను ముగ్గు మానేయమంటే వినదు, మానేయాల్సిన అవసరమూ లేదు. లేచాక ముందు కాఫీ, వంట, ఇంట్లో నడక. ముగ్గు ఏడున్నరకి, ఎత్తుపీట మీద కూర్చుని. ఊడవడానికి పొడుగు కర్ర చీపురు. వాకిలి ఏడున్నరదాకా ఖాళీగా ఉందేమిటని పక్కింటావిడ రెండు రోజులు అడిగి ఊరుకుంది.

బరువుల సంగతి. 1999లో జర్మనీలో ఒక మనిషి నడుం డిస్క్‌లో సెన్సరు పెట్టి ఒత్తిడి కొలిచారు. నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్. ఇరవై కిలోలు ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1. అదే బరువు అరవై సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. వీపు వంచి నేల మీంచి ఎత్తితే 2.3. బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఒంటికి ఎంత దూరంగా ఉందన్నదీ లెక్కే. బిందెను చాచిన చేతులతో కాకుండా పొట్టకు ఆనించుకుని లేపండి. ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తాను ఎత్తకుండా అక్కడే విప్పి డబ్బాలోకి చేటతో పోసుకోండి. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా తూగుతుంది, దాన్ని ఒంచి అంచు మీద దొర్లించండి.

వంటగట్టు దగ్గర గంటసేపు నిలబడాల్సి వస్తే ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, పది నిమిషాలకోసారి మార్చండి. ఫేసెట్ నొప్పి ఉన్నవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. కూరగాయలు కూర్చుని తరుక్కోండి, కానీ కత్తిపీట కంటే బల్లే మేలు.

నాట్లకూ కలుపుకూ వెళ్లేవాళ్లకు "వంగొద్దు" అని చెప్పడం ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ల సలహా. వాళ్లకు పనికొచ్చేది విరామం: ప్రతి సాలు చివర నిటారుగా లేచి, చేతులు నడుం మీద పెట్టి ఐదుసార్లు మెల్లగా వెనక్కి వాలడం. నాళం ఇరుకైనవాళ్లు వెనక్కి వాలకుండా గట్టు మీద రెండు నిమిషాలు కూర్చుంటే సరిపోతుంది. కంప్యూటర్ ముందువాళ్లకు కూడా ఇదే, అరగంటకోసారి లేవండి. ఖరీదైన కుర్చీ కొన్నామని మూడు గంటలు కదలకుండా కూర్చుంటే కుర్చీ డబ్బులు దండగ.

ఇక పడక. చెక్కబల్ల మీదో, నేల మీదో పడుకోవాలని మనకో గట్టి నమ్మకం. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద పోల్చి చూస్తే మరీ గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నదానితోనే నొప్పి బాగా తగ్గింది. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద. లేచేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, చేత్తో మంచాన్ని నెట్టుకుంటూ లేవండి.

6. వ్యాయామం

నడకతో మొదలుపెట్టండి. నొప్పి లేకుండా ఎంతసేపు నడవగలరో చూసుకుని, అందులో మూడొంతుల దగ్గర ఆపండి. ఎనిమిది నిమిషాలకు నొప్పి మొదలైతే ఆరు నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. గురి వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట. ఆస్ట్రేలియాలో 2024లో వెలువడిన ఒక ట్రయల్‌లో, నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో ఇలా నడక పెంచుకుంటూ వెళ్లినవాళ్లకు నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు పట్టింది. నడవనివాళ్లకు 112.

తర్వాత నేల మీద చాప పరిచి ఇవి చేయండి. పొద్దున లేచిన గంట తర్వాత, లేదా సాయంత్రం.

మొదటిది: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నడుం కింద ఖాళీ ఉంటుంది కదా, పొట్ట బిగించి ఆ ఖాళీ పోయేలా నడుమును చాపకు అదమండి. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. ఊపిరి బిగపట్టకండి, గట్టిగా అంకెలు లెక్కపెడితే బిగపట్టడం కుదరదు.

రెండోది: ఒక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఛాతీవైపు లాక్కోండి. పదిహేను సెకన్లు. రెండో కాలు. ఆపైన రెండూ కలిపి. నాళం ఇరుకైనవాళ్లకు ఇది మందులాంటిది. కాలిలోకి జివ్వుమని లాగితే మాత్రం ఆపేయండి.

మూడోది వంతెన. మోకాళ్లు మడిచి, పిర్రలు బిగించి, భుజాలనుంచి మోకాళ్లదాకా ఒకే వాలుగా వచ్చేవరకే తుంటి లేపండి. అంతకంటే పైకి లేపితే నడుం విల్లులా వంగి ఫేసెట్ కీళ్లు ఒరుసుకుంటాయి. అమ్మ మొదటి పది రోజులు ఆ తప్పే చేసి, వ్యాయామం వల్లే నొప్పి పెరిగిందని గోల పెట్టింది.

నాలుగోది: చేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాపండి. వీపు మీద పళ్లెంలో నీళ్లున్నాయనుకుని కదలకుండా ఐదు సెకన్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కింద దుప్పటి మడిచి వేసుకోండి, లేదా గోడకు చేతులు ఆనించి నిలబడి చేయండి.

మెడకైతే గడ్డాన్ని కిందికి కాకుండా వెనక్కి లాగాలి, ఫొటోకి డబుల్ చిన్ తెచ్చుకున్నట్టు. ఐదు సెకన్లు, పదిసార్లు. మెడను గిరగిరా తిప్పే వ్యాయామాలు వద్దు. సెలూన్‌లో తల పట్టుకుని టక్కున విరిపించుకోవడం అసలే వద్దు, మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి.

చేస్తున్నప్పుడు పదికి నాలుగు దాకా నొప్పి పర్వాలేదు, మర్నాటికి పాత స్థాయికి రావాలి. రాకపోతే లెక్క సగానికి తగ్గించండి, మానేయకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వకుండా పని చేయలేదని తేల్చకండి.

7. మందులు

అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మందు ఇంతవరకూ లేదు. గ్లూకోసమిన్ గురించి అందరూ అడుగుతారు. నార్వేలో సరిగ్గా ఇలాంటి నడుం అరుగుదల ఉన్న 250 మందికి ఆరు నెలలు ఇచ్చి చూశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదు.

డైక్లోఫెనాక్, ఏసెక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటి నొప్పి మాత్రలు పనిచేస్తాయి. కానీ అవి నొప్పి పెరిగిన ఐదారు రోజులకు, తిన్నాక, డాక్టరు రాసిన మోతాదులో. కడుపులో పుండు, గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర, వీటికి తోడు నొప్పి మాత్ర కలిస్తే కిడ్నీ మీద మూడు దెబ్బలు. మెడికల్ షాపులో "నడుం నొప్పికి ఇవ్వండి" అని కొనేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఉద్దానం లాంటి చోట, ఇప్పటికే కిడ్నీలు ప్రమాదంలో ఉన్న ఊళ్లలో, ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

పారాసిటమాల్ భద్రమే కానీ నడుం నొప్పి మీద దాని ప్రభావం తక్కువ. తిమ్మిరికి రాసే ప్రీగాబలిన్ సయాటికా (నడుంనుంచి కాలిలోకి దిగే నరం) నొప్పి మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియాలో తేలింది. పెద్దవాళ్లకు మగతగా ఉండి రాత్రి బాత్రూంకి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం ఉంది. వేసుకుంటున్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా హఠాత్తుగా ఆపకండి.

పేరు లేని పొడి మూడు రోజుల్లో నొప్పి మాయం చేసిందంటే అనుమానించండి, స్టెరాయిడ్ కలిపినవి చాలాసార్లు దొరికాయి. కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, నువ్వుల నూనె మర్దన వల్ల హాయి ఉంటుంది, చేసుకోండి. షుగర్‌తో కాళ్లు మొద్దుబారినవాళ్లు కాపడం వేడి ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి, బొబ్బలెక్కినా వాళ్లకు తెలియదు.

8. పట్టేసిన రోజు

ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. కంగారుపడి మళ్లీ ఎమ్మారైకి పరిగెత్తకండి, పైన మూడో భాగంలోని లక్షణాలు లేకపోతే. వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి పావుగంట. కాపడం ఇరవై నిమిషాలు. గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు. 1995లోనే ఫిన్లండ్‌లో తేల్చారు: రెండు రోజులు మంచం పట్టినవాళ్ల కంటే, ఓర్చుకున్నంత మేర మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. చాలావరకు వారం రెండు వారాల్లో సడలుతుంది.

బెల్టు, ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచడం), అల్ట్రాసౌండ్, ఒంటికి ప్యాడ్లు అంటించి పెట్టే టెన్స్ కరెంటు: దీర్ఘకాలిక నడుం నొప్పికి వీటిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. అయినా మన ఊళ్లలో ఫిజియో అంటే పది సిట్టింగుల కరెంటే. వెళ్లిన చోట మొదటి రోజే "నాకు ఏ వ్యాయామాలు నేర్పిస్తారు?" అని అడగండి. మిషన్ వైపు చూపిస్తే ఇంకో చోటు చూసుకోండి.

9. ఇంజెక్షన్, ఆపరేషన్

ఫేసెట్ కీలు దగ్గరో, నరం చుట్టూనో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్నివారాల ఉపశమనం ఇవ్వచ్చు. ఆ వారాలను వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకుంటేనే లాభం.

ఒట్టి నడుం నొప్పికి ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు. కాలు బలహీనపడుతుంటే, వెన్నుపాము నలుగుతుంటే, నాళం ఇరుకై నెలల తరబడి వ్యాయామం చేశాక కూడా వీధి చివరిదాకా నడవలేకపోతే అప్పుడు మాట్లాడుకోవాలి. నాళం వెడల్పు చేయడం ఒకటి, రాడ్లూ స్క్రూలూ వేసి పూసలను కలిపేయడం మరొకటి. స్వీడన్‌లో 2016లో వెలువడిన ట్రయల్‌లో, రెండేళ్ల తర్వాత చూస్తే, రాడ్లు వేయించుకున్నవాళ్లు వేయించుకోనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. పూసలు బాగా కదిలిపోతున్నవాళ్ల సంగతి వేరు. కాబట్టి సర్జన్‌ను ఈ నాలుగూ అడగండి: నా కాలి నొప్పికా, నడుం నొప్పికా ఈ ఆపరేషన్? రాడ్లు ఎందుకు కావాలి? ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది? మీరే నా చోట ఉంటే ముందు ఏం చేస్తారు? ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకుంటానంటే నిజమైన డాక్టరు ఏమీ అనుకోరు. ఫిల్ములు, సీడీ మీవే, అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో అడ్వాన్స్ కట్టకముందే ఆసుపత్రిలోని ఆ పథకం ప్రతినిధిని కలవండి.